ప్రవాసుల ప్రేమకథకు స్క్రిప్టు రాయాలంటే: 'సంస్కృతి' అన్న మాటను పక్కన పెట్టి మొదలుపెట్టండి

యూసుఫ్‌గూడలో మేం నలుగురం కలిసి అద్దెకు తీసుకున్న ఒక గదిలో ప్రతి ఆదివారం కొత్త రచయితల స్క్రిప్టులు చదివి మాట్లాడుకుంటాం. విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల ప్రేమకథలు ఏటా మూడు నాలుగైనా మా ముందుకు వస్తాయి. వాటిలో చాలావాటికి ప్రాణం పోయేది ఒకే చోట. తండ్రి సోఫాలోంచి లేచి నిలబడి, "మన సంస్కృతి ఏమైపోవాలి?" అని కూతుర్ని నిలదీస్తాడు. ఆ క్షణం నుంచి అక్కడ తండ్రీ కూతుళ్లుండరు, వాదానికి దిగిన రెండు పక్షాలుంటాయి. ఇలాంటి కథ రాయాలని కూర్చున్నవాళ్లకు, ముఖ్యంగా అమెరికా చూడకుండానే హైదరాబాద్‌లో ఉండి రాస్తున్నవాళ్లకు, ఆ గదిలో మేం నేర్చుకున్న పద్ధతి పనికొస్తుందన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను.

మొదటి ప్రతి పూర్తయ్యాక 'సంస్కృతి', 'సంప్రదాయం', 'మన విలువలు' అన్న మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో వెతికి ఎర్రసిరాతో కొట్టేయండి. కొట్టేసిన ప్రతి చోటా, ఆ మనిషికి అక్కడ నిజంగా ఉన్న భయమేమిటో మార్జిన్‌లో ఒక్క వాక్యంగా రాయండి. అది చుట్టాల్లో తలెత్తుకోలేనన్న భయం కావచ్చు, రేపు అల్లుడితో ఏ భాషలో మాట్లాడాలన్న దిగులు కావచ్చు, తాను పోయాక తద్దినం పెట్టే దిక్కుండదన్న బెంగ కావచ్చు, వియ్యపురాలితో కూర్చుని కబుర్లు చెప్పుకునే యోగం లేకుండా పోతుందన్న చిన్న ఆశాభంగం కూడా కావచ్చు. ఇవన్నీ కెమెరాకు అందేవి. సంస్కృతి అన్న మాట మాత్రం కెమెరాకు అందదు.

మార్జిన్లు నింపుతున్నప్పుడు మీకు ఎక్కువసార్లు తగిలే మాట కులం. దాన్ని పైకి అనడానికి జంకి రచయిత సంస్కృతి అని రాస్తాడు, నిజ జీవితంలో తండ్రి కూడా అదే చేస్తాడు. తెరమీద మాత్రం ఆ తెర తీసి చూపించాలి. దానికి తిట్లూ అరుపులూ అక్కర్లేదు. మా దగ్గరకు వచ్చిన ఒక స్క్రిప్టులో రెండు పేజీల ఉపన్యాసాన్ని తీసేసి మూడు ప్రశ్నలు మిగిల్చాం. కారు నడుపుతున్న తండ్రి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "అబ్బాయి తెలుగువాడేనా?" అంటాడు. "తెలుగువాడే నాన్నా" అంటుంది కూతురు, ఊపిరి పీల్చుకుని. "ఏ ఊరు వాళ్లది?" చెబుతుంది. కాసేపు ఊరుకుని, "ఇంటిపేరు?" అంటాడు. ఆ మూడో ప్రశ్నకు జవాబు రాకముందే సీను కట్ చేయండి. తెలుగు ప్రేక్షకుడు అక్కడ ఏం జరిగిందో వెంటనే పట్టుకుంటాడు.

బయలుదేరిన సంవత్సరం

ప్రతి ప్రవాస పాత్రకూ మీరు ముందుగా నిర్ణయించాల్సినది పేరు కాదు, ఊరు విడిచి వెళ్లిన సంవత్సరం. దేశాలవారీ కోటాలను రద్దు చేస్తూ అమెరికా 1965లో చట్టం తెచ్చాక వెళ్లిన డాక్టర్లు, ఇంజనీర్ల తరం వేరు. ఆ తరం తోటివాళ్ల కోసం వెతుక్కుని, 1970లలో పిట్స్‌బర్గ్ దగ్గర వేంకటేశ్వరస్వామి గుడి కట్టుకుంది, 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం 'తానా' తొలి మహాసభ జరుపుకుంది. కంప్యూటర్ల గడియారాలు 2000కి మారే ముందు అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి విమానమెక్కినవాళ్లది ఇంకో లోకం. అప్పు చేసి ఎంఎస్‌కు వెళ్లి పగలు క్లాసులు, సాయంత్రం ఉద్యోగ వేట అన్నట్టు బతుకుతున్న నేటి పిల్లలది మరో లోకం. 1974లో గుంటూరు నుంచి వెళ్లిన మనిషి మనసులో గుంటూరు 1974లోనే ఉంటుంది. అతని అక్క కూతురు ఆ గుంటూరులోనే వేరే కులం అబ్బాయిని పెళ్లాడి పదేళ్లయినా, అమెరికాలో ఉన్న అతనికి ఆ కబురు సగమే చేరి ఉంటుంది. ప్రేమకథకు కావలసిన ఘర్షణ ఇక్కడే ఉంది: ఇక్కడివాళ్లు ఎప్పుడో సర్దుకుపోయిన సంగతిని అతను అక్కడ ఒంటరిగా కాపలా కాస్తుంటాడు.

జంధ్యాల 'పడమటి సంధ్యారాగం' 1987 నాటిది. అమెరికాలోనే తీసిన ఆ సినిమాలో విజయశాంతి పాత్ర ఒక అమెరికన్ యువకుణ్ణి ప్రేమిస్తుంది. ఆ రోజుల్లో అడ్డు గోడ అంటే తెల్లవాడే. అదే గోడను ఈనాటి కథలో యథాతథంగా కడితే నిలబడదు. పక్కింటి తెల్లబ్బాయిని ఒప్పుకుని, పక్క వీధిలోని తెలుగబ్బాయిని ఒప్పుకోని కుటుంబాలు ఈ రోజు ఉన్నాయి. ఆ విచిత్రాన్ని రాయగలిగితే మీ కథ కొత్తదవుతుంది.

ప్రవాసం అంటే అమెరికా ఒక్కటే కాదని కూడా గుర్తుంచుకోండి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ప్రేమలకు మన తెరమీద చోటు చాలా తక్కువ. దుబాయిలో వాట్సాప్ కాల్ పనిచేయదు గనుక మరో యాప్‌లో మాట్లాడుకునే ఆలుమగలు, ముఖం ఆగిపోయి గొంతు మాత్రం వినబడే ఆ కాల్, సెలవు రోజు కోసం వారమంతా ఎదురుచూపు: అందులో ఉన్న శృంగారం, విరహం ఏ ప్రబంధానికీ తీసిపోవు. ఎవరైనా ఈ కథ రాసుకుని వస్తే ఆ రోజు చదవాల్సిన మిగతా స్క్రిప్టులన్నీ పక్కన పెడతాను.

కాగితమే ప్రతినాయకుడు

ప్రవాసుల జీవితంలో ప్రేమకు గడువు పెట్టేది కాగితం. అమెరికాలో చదువు పూర్తయ్యాక ఓపీటీ అనే విద్యార్థుల పని అనుమతి మీద 12 నెలలు, సాంకేతిక చదువులైతే మరో 24 నెలలు పనిచేయవచ్చు. ఉద్యోగ వీసా హెచ్-1బీ మొదట మూడేళ్లకు ఇస్తారు, మామూలుగా ఆరేళ్ల వరకు సాగుతుంది. కొత్త వీసాలకు ఏటా 85,000 పరిమితి ఉంది గనుక లాటరీ తప్పదు. ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి ఉంటుంది. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి వల్ల భారతీయులు ఏళ్ల తరబడి వరుసలో నిలబడతారు, వాళ్లతో చిన్నప్పుడు వెళ్లిన పిల్లలకు ఆలోగా 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల వీసా నీడ తొలగిపోతుంది. ఈ నిబంధనలు మారుతూనే ఉంటాయి గనుక మీ కథ జరిగే సంవత్సరానికి ఏవి అమల్లో ఉన్నాయో సరిచూసుకోండి.

ఇప్పుడు ఆ 60 రోజులను ప్రేమకథలో పెట్టి చూడండి. అబ్బాయికి ఉద్యోగం పోయింది, అమ్మాయి అమెరికా పౌరురాలు. పెళ్లి చేసుకుందామని ఆమె అంటే, ఆ మాట ప్రేమతో అన్నదో జాలితో అన్నదో అతనికి తెలియదు. అతను ఒప్పుకుంటే, ప్రేమతోనా, కాగితం కోసమా అని ఆమె తండ్రే కాదు, ఏదో ఒక రాత్రి ఆమె కూడా అనుకుంటుంది. విలన్ లేకుండా ఇంత బలమైన అడ్డు మరొకటి దొరకదు. మీరా నాయర్ 'మిస్సిసిప్పి మసాలా' (1991)లో కూడా తండ్రి గుండెలోని గాయానికి కాగితం రూపం ఉంది. 1972లో నియంత ఇదీ అమీన్ 90 రోజుల గడువు పెట్టి ఆసియావాసులను ఉగాండా నుంచి వెళ్లగొట్టినప్పుడు పోగొట్టుకున్న ఆస్తి కోసం ఆయన ఆ ప్రభుత్వంతో వ్యాజ్యం నడుపుతుంటాడు. కూతురేమో మిసిసిపిలో ఒక నల్లజాతి యువకుణ్ణి ప్రేమిస్తుంది. తండ్రి మనసు ఎక్కడ చిక్కుకుందో ఆ దావా కాగితాలు చెబుతాయి గనుక ఆయన కోపం మనకు అర్థమవుతుంది.

నువ్వు, మీరు

తెలుగులో రాసేవాళ్లకు ఇంగ్లీషులో దొరకని ఆయుధం ఒకటుంది, దాన్ని వదులుకోవద్దు. డాలస్ శివార్లలో పుట్టి పెరిగిన అమ్మాయి తెలుగు ఎక్కడ నేర్చుకుంటుంది? అమ్మానాన్నల నోట. అంటే పిల్లలతో మాట్లాడే తెలుగు ఒక్కటే ఆమెకు వస్తుంది: తిను, పడుకో, ఇటు రా, చెప్పులు విప్పు. హనుమకొండ నుంచి ఎంఎస్‌కు వచ్చిన కుర్రాడు ఉగాది నాడు గుడి వంటశాల దగ్గర పులిహోర వడ్డిస్తుంటే, ఆమె వచ్చి ప్లేటు పట్టుకుని మామూలుగా, "నువ్వు తిన్నావా?" అని అడుగుతుంది. అతని చేతిలో గరిటె ఆగిపోతుంది. ఇల్లు విడిచి ఎనిమిది నెలలైంది, అమ్మ తర్వాత ఆ మాట ఆ తీరున అడిగినవాళ్లు లేరు. ఆమెకు మాత్రం తెలిసిన వ్యాకరణం అదొక్కటే. అతను దాన్ని చనువనుకుంటాడు, కథ మొదలవుతుంది.

తర్వాత అతని తల్లి వీడియో కాల్‌లో, కాబోయే మొగుణ్ణి 'మీరు' అనాలని ఆ అమ్మాయికి నేర్పుతుంది. ఆమె నేర్చుకుంటుంది. అయితే ఆ మాట తొలిసారి వాడేది ముద్దుగా కాదు, పోట్లాటలో, తలుపు దగ్గర నిలబడి: "మీరు వెళ్లండి." గౌరవవాచకమే తమ మధ్య దూరమైందని అతనికి అప్పుడు తెలుస్తుంది. ఇంగ్లీషులో ఈ సీను రాయలేం. మీ పాత్రలు ఏ ఊరి తెలుగు మాట్లాడతాయో కూడా తేల్చుకోండి. తెనాలి నుంచి వెళ్లిన మామగారు అల్లుడి 'పోతున్న', 'చేస్తున్న' వింటూ మొహం ఎలా పెడతాడన్నది ఒక సీనుకు సరిపోయే సరుకు, ఆ మొహాన్ని చూసి అల్లుడు తన యాసను కావాలని ఇంకాస్త చిక్కగా చేయడం మరో సీను.

హైదరాబాద్‌లోనే తీయగలిగేలా

అమెరికాలో షూటింగ్‌కు డబ్బుల్లేవని కథ మానుకోవద్దు. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసిన నాగేశ్ కుకునూర్ 1998లో 'హైదరాబాద్ బ్లూస్'ను మన ఊళ్లోనే, చాలా తక్కువ ఖర్చుతో తీశారు. సెలవు మీద ఇంటికొచ్చిన మనిషి కథ కావడం వల్ల అది సాధ్యపడింది. మీరూ మూడు వారాల సెలవును కథాకాలంగా తీసుకోండి.

ఆ మూడు వారాలకు చట్టమే అడ్డం పడే వీలుంది. వేర్వేరు మతాలవాళ్లు మతం మారకుండా పెళ్లి చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరు అప్పటికి కనీసం 30 రోజులుగా ఆ జిల్లాలో ఉండి ఉండాలి, నోటీసు ఇచ్చాక మళ్లీ 30 రోజులు ఆగాలి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. మూడు వారాల సెలవు, ముప్పై రోజుల నోటీసు, ఆ కాగితం ముందు ఆగి పేర్లు చదువుతున్న దూరపు చుట్టం: ఒక్క గది, ఒక్క గోడ చాలు.

సీన్లు ఇళ్లలో వెతకండి. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ప్రయాణానికి ముందు రాత్రి పెట్టె తూచే సందర్భం నాకు చాలా ఇష్టం. పెట్టెకు 23 కిలోలే. నాన్న పెట్టె ఎత్తుకుని బరువు చూసే మిషన్ ఎక్కుతాడు, అంకె 96 చూపిస్తుంది, ఆయన బరువు 71. రెండు కిలోలు ఎక్కువ. ఇక ఒక్కొక్కరే వంగి పెట్టెలోంచి ఒక్కో వస్తువు తీస్తారు. అమ్మ గోంగూర పచ్చడి జాడీని ముట్టుకోకుండా, తాను కొన్న పట్టుచీర తీసి మంచం మీద పెడుతుంది. నాన్న పంచాంగం తీస్తాడు. కూతురు అడుగు నుంచి, వాళ్లు దాచి సర్దిన పెళ్లి సంబంధాల ఫొటోల కవరు తీస్తుంది. ఎవరూ ఏమీ అనరు. మళ్లీ తూస్తే సరిగ్గా 23.

పరిశోధనకు పుస్తకాలకంటే ముందు కాళ్లకు పని చెప్పండి. నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్ బయట ఉదయాన్నే ఫైలు గుండెలకు హత్తుకుని నిలబడ్డ కొత్త పెళ్లికూతుళ్లను చూడండి. చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక కోసం 11 ప్రదక్షిణలు చేసేవాళ్లనూ, తీరాక 108 చేసేవాళ్లనూ గమనిస్తే ఇద్దరి నడకలో తేడా తెలుస్తుంది. అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో బయలుదేరే ప్రయాణికుల ద్వారం దగ్గర ఒక గంట గడపండి. ఎవరినీ ఆపి ప్రశ్నలు వేయకండి, వాళ్ల దుఃఖం మీ నోట్‌బుక్ కోసం కాదు. చూసినది గుర్తుంచుకుని ఇంటికొచ్చి రాసుకోండి.

చివరి ప్రతిని సినిమావాళ్లకు ఇచ్చే ముందు, పిల్లలు విదేశాల్లో ఉన్న ఒక తల్లికో తండ్రికో చదివి వినిపించండి. మా గదికి ఒకసారి అలా ఒక పెద్దావిడను పిలిచాం. స్క్రిప్టులో, డిసెంబర్ నెలలో, హైదరాబాద్‌లో ఉదయం ఏడింటికి తల్లి ఫోన్ ముందు కూర్చుంటే డాలస్‌లో రాత్రి ఎనిమిదిన్నరకు ఆఫీసు నుంచి వచ్చిన కూతురు మాట్లాడుతుంది. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "అది ఎండాకాలం లెక్క బాబూ. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకుంటారు. అప్పట్నుంచి మేం ఏడింటికి కాదు, ఎనిమిదింటికి కూర్చుంటాం. మొదటి రోజు మర్చిపోయి ఏడింటికే కూర్చుంటాం కూడా." రచయిత ఆ ఆఖరి వాక్యాన్ని అక్కడికక్కడే రాసుకుని, ఫోన్ మోగని ఆ గంటను సినిమాలో మొదటి సీనుగా పెట్టుకున్నాడు.