మెయిన్‌ఫ్రేమ్‌లో 0సీ4 అబెండ్ మూలాన్ని ఎలా కనిపెట్టాలి?

ఏళ్ల తరబడి ఏ పేచీ లేకుండా నడిచిన ఒక రాత్రి బ్యాచ్ జాబ్, ఒక సోమవారం తెల్లవారుజామున మధ్యలో ఆగిపోయి, కన్సోల్ మీద ఎస్0సీ4 (క్లుప్తంగా 0సీ4) అనే కోడ్‌ను మిగిల్చిందనుకుందాం. ప్రోగ్రామ్ ఇలా అర్ధంతరంగా ఆగిపోవడాన్నే అబెండ్ అంటారు. మెయిన్‌ఫ్రేమ్ వాళ్లు ‘సాక్ ఫోర్’ అని పిలుచుకునే ఈ కోడ్ చెప్పేది ఇంతే: ఏదో ప్రోగ్రామ్ తనకు హక్కు లేని మెమరీని గానీ, అసలు కేటాయించనే లేని మెమరీని గానీ తాకబోయింది. తాకబోయింది ఎవరు, ఏ ఆదేశంతో, ఆ తప్పుడు అడ్రస్ ఎక్కడి నుంచి వచ్చింది, ఇన్నాళ్లూ ఈ తప్పు ఎందుకు బయటపడలేదు అన్న నాలుగు ప్రశ్నలకూ జవాబులు దొరికినప్పుడే సమస్య తీరినట్టు లెక్క. మొదటి మూడింటికి జవాబు దొరకగానే చాలామంది పని ముగించేస్తారు; అసలు నష్టం తరచుగా నాలుగోదానిలోనే దాగి ఉంటుంది.

హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 నేర్చుకొని ఈ రంగంలోకి వచ్చిన తెలుగువారికి ఈ కోడ్ కొత్తదేమీ కాదు. వారిలో ఎక్కువమంది దాన్ని అప్లికేషన్ వైపు నుంచి చూసి ఉంటారు: సబ్‌స్క్రిప్ట్ హద్దు దాటిందనో, లింకేజ్ సెక్షన్‌లో పారామీటర్ రాలేదనో తేలిపోతుంది. సిస్టమ్ ప్రోగ్రామర్ పని వేరు. జెడ్/ఓఎస్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించడం, దానికి ఐబీఎం సవరణలైన పీటీఎఫ్‌లు వేయడంతో పాటు, సంస్థ సొంతంగా రాసుకున్న ఎగ్జిట్‌లను చూసుకోవడం కూడా ఆయన బాధ్యతే. ఎగ్జిట్ అంటే, ఆపరేటింగ్ సిస్టమ్ తన పనిలో కొన్ని నిర్ణీత చోట్ల పిలిచే చిన్న స్థానిక ప్రోగ్రామ్. మన ఉదాహరణలో అబెండ్ అయింది అలాంటి ఒక ఎగ్జిట్ పిలిచే పాత సబ్‌రూటీన్. జాబ్ ఏ ఖాతాకు చెందినదో మెమరీలోని ఒక పట్టికలో వెతికి చెప్పడం దాని పని.

ఏదీ ముట్టుకోకముందు

జాబ్‌ను మళ్లీ నడపమని ఆపరేషన్స్ వాళ్లు, సిస్టమ్‌ను ఐపీఎల్ చేయమని (మళ్లీ మొదటి నుంచి ఎక్కించమని) పైవాళ్లు తొందరపెడతారు. ఆ రెండూ చేయకముందే డంప్, అంటే అబెండ్ వేళ మెమరీ ఎలా ఉందో చూపే నకలు, భద్రంగా ఉందో లేదో చూడాలి. సిస్టమ్ మెసేజ్‌ల చిట్టా అయిన సిస్‌లాగ్‌లో ఐఈఏ794ఐ మెసేజ్ ఉంటే డంప్‌ను మెమరీలోకి పట్టుకున్నారని మాత్రమే అర్థం; అది డిస్క్ మీదికి చేరిందని చెప్పేది ఐఈఏ611ఐ మెసేజ్. ఆ రెండో మెసేజ్‌లో డంప్ పూర్తిగా వచ్చిందని రాశారా, పాక్షికమని రాశారా అన్నది తప్పక చదవాలి, ఎందుకంటే పాక్షిక డంప్‌లో మనకు కావలసిన పేజీయే లేకపోవచ్చు. ఇదే లక్షణాలున్న డంప్ ఇంతకుముందే ఒకటి వచ్చి ఉంటే డీఏఈ అనే సౌకర్యం రెండోదాన్ని అణచివేస్తుంది కాబట్టి, ఈ రోజు డంప్ కనిపించకపోతే పాతవాటిలో వెతకడం మంచిది. డంప్‌తో పాటు ఆ గంట సిస్‌లాగ్‌ను, లోపాలను నమోదు చేసే లాగ్‌రెక్ రికార్డులను, జాబ్ అవుట్‌పుట్‌ను వేరే డేటాసెట్లలోకి తీసి పెట్టుకోవాలి. అవుట్‌పుట్ నిల్వ ఉండే స్పూల్‌ను శుభ్రం చేసే జాబ్‌కు మన కష్టం తెలియదు.

అసలు డంపే లేకపోతే, ఊహలతో కోడ్ మార్చడం మొదలుపెట్టకుండా, స్లిప్ ట్రాప్ (చెప్పిన అబెండ్ జరగగానే డంప్ తీసే ఉచ్చు) పెట్టి తదుపరి అబెండ్ కోసం కాచుకోవాలి. కాంప్ పారామీటర్‌కు 0సీ4 అని, జాబ్‌నేమ్‌కు ఆ జాబ్ పేరు, యాక్షన్‌కు ఎస్‌వీసీడీ అని ఇచ్చి, మ్యాచ్‌లిమ్‌ను 1గా ఉంచితే ఒక్క డంప్ తీసుకొని ట్రాప్ తనంతట తానే ఆగిపోతుంది. జాబ్‌నేమ్ లేకుండా, మ్యాచ్‌లిమ్ లేకుండా 0సీ4 మీద ట్రాప్ పెట్టడం మాత్రం కొత్తవారు చేసే ప్రమాదకరమైన పొరపాటు: కొన్ని ప్రోగ్రామ్‌లు 0సీ4ను కావాలనే తెచ్చుకొని తమ రికవరీ రూటీన్‌లో సర్దుకుంటాయి, వాటన్నిటికీ డంప్‌లు తీస్తూ పోతే సిస్టమ్ నడక మందగిస్తుంది.

రీజన్ కోడ్, పీఎస్‌డబ్ల్యూ, రిజిస్టర్లు

డంప్‌ను, డంప్‌లు చదివే పనిముట్టైన ఐపీసీఎస్‌లో తెరిచి, మొదటగా స్టేటస్ ఫెయిల్‌డేటా అనే కమాండ్ ఇవ్వాలి. అబెండ్ కోడ్, రీజన్ కోడ్, ఆ క్షణాన పీఎస్‌డబ్ల్యూ (ప్రోగ్రామ్ ఏ ఆదేశం దగ్గర, ఏ స్థితిలో ఉందో చెప్పేది), ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ చోట్లైన 16 రిజిస్టర్ల విలువలు, తప్పు జరిగిన చోటి ఆదేశాలు అన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. ఐఈఏ995ఐ సింప్టమ్ డంప్‌లోనూ వీటి సారాంశం ఉంటుంది కాబట్టి, డంప్ చేతికి రాకముందే కొంత పని మొదలుపెట్టవచ్చు.

రీజన్ కోడ్ 4 అయితే అది రక్షణ ఉల్లంఘన: పేజీ ఉంది గానీ, దాన్ని తాకడానికి ప్రోగ్రామ్‌కు ఉన్న స్టోరేజ్ కీ సరిపోలేదు, లేదా అది రాయడానికి వీల్లేని పేజీ. హెక్సాలో (16 ఆధారంగా ఉన్న సంఖ్యల్లో) 10 అయితే ఆ అడ్రస్ ఉన్న 1 మెగాబైట్ సెగ్మెంట్‌కే పేజీ టేబుల్ లేదు; 11 అయితే సెగ్మెంట్ ఉంది గానీ అందులో ఆ 4 కిలోబైట్ల పేజీని ఎవరూ కేటాయించుకోలేదు. ఈ తేడాను పట్టించుకోకపోతే తరువాతి అడుగే తప్పుతుంది. రక్షణ ఉల్లంఘనలో పీఎస్‌డబ్ల్యూ తప్పు చేసిన ఆదేశానికి తరువాతి ఆదేశాన్ని చూపిస్తుంది, కనుక ఐఎల్‌సీ అని ఇచ్చిన ఆదేశ పొడవును అందులోంచి తీసివేసి వెనక్కి వెళ్లాలి. 10, 11 కోడ్‌లలో మాత్రం ఆదేశం రద్దయి, పీఎస్‌డబ్ల్యూ సరిగ్గా తప్పు చేసిన ఆదేశం మీదే నిలుస్తుంది. ఇది మరచి 11కు కూడా నాలుగు బైట్లు వెనక్కి వెళ్లి, ఏ పాపమూ ఎరుగని ఆదేశం ముందు కూర్చొని గంటలు గడిపినవారు ఈ వృత్తిలో తక్కువేమీ లేరు.

మన డంప్‌లో రీజన్ కోడ్ 11, పీఎస్‌డబ్ల్యూలో ఆదేశ అడ్రస్ 00912346. ఐపీసీఎస్‌లో వేర్ కమాండ్‌కు ఈ అడ్రస్ ఇస్తే, అది 00912000 దగ్గర మొదలయ్యే మన స్థానిక మాడ్యూల్‌లో ఉందని చెబుతుంది. కాబట్టి ఆఫ్‌సెట్ హెక్సాలో 346. మాడ్యూల్ పేరు హెచ్‌ఏఎస్‌తో మొదలైతే జేఈఎస్2, డీఎఫ్‌హెచ్‌తో అయితే సీఐసీఎస్, డీఎస్‌ఎన్‌తో అయితే డీబీ2, ఐఈఎఫ్‌తో అయితే ఆపరేటింగ్ సిస్టమ్ అని గుర్తుపట్టి ఆ సపోర్ట్ బృందానికి అప్పగించవచ్చు. పేరు మనది అయినప్పుడు అప్పగించడానికి ఎవరూ ఉండరు. అసెంబ్లర్ లిస్టింగ్ తీయాల్సిందే. ఆ లిస్టింగ్ ఇప్పుడు నడుస్తున్న మాడ్యూల్‌దేనా అన్నది అసెంబ్లీ తేదీని మాడ్యూల్ మొదట్లో ఉండే తేదీ ముద్రతో పోల్చి చూసుకోవాలి.

346 దగ్గర డంప్‌లో కనిపిస్తున్న బైట్లు 58305008. ఇది లోడ్ ఆదేశం: 5వ రిజిస్టర్‌లోని అడ్రస్‌కు 8 కలిపి, అక్కడి నాలుగు బైట్లను 3వ రిజిస్టర్‌లోకి తెమ్మంటోంది. 5వ రిజిస్టర్‌లో 14682310 ఉంది. ఐపీసీఎస్‌లో ఆ అడ్రస్‌ను తెరిచి చూస్తే ఖాతాల పట్టిక చక్కగా, చెక్కుచెదరకుండా కనిపిస్తోంది. పేజీ ఉంది, పట్టిక ఉంది, రిజిస్టర్ సరైనదే. అయినా మెషిన్ పేజీ లేదంటోంది.

ఇలాంటి చోట చాలామంది డంప్‌నే అనుమానిస్తారు. అలా చేయకుండా ట్రాన్స్‌లేషన్ ఎక్సెప్షన్ అడ్రస్‌ను చూడాలి, ఎందుకంటే హార్డ్‌వేర్ నిజంగా ఏ పేజీ కోసం వెతికిందో చెప్పేది అదే. దాని చివరి మూడు హెక్సా అంకెలు అడ్రస్‌లో భాగం కావు కాబట్టి వాటిని వదిలేయాలి. మన డంప్‌లో అది 00682 పేజీ. రిజిస్టర్‌లో 14682, హార్డ్‌వేర్ వెతికింది 00682: పై బైట్ అయిన 14 మాయమైంది. పీఎస్‌డబ్ల్యూలో ఆదేశ అడ్రస్ ఉన్న పదం (నాలుగు బైట్ల ముక్క) 8తో కాక 0తో మొదలవడం ఇప్పుడు అర్థవంతమవుతుంది. ప్రోగ్రామ్ 31-బిట్ మోడ్‌లో నడుస్తూ ఉంటే ఆ మొదటి బిట్ వెలిగి, పదం 8 మొదలుకొని ఉండేది; ఇక్కడ అది 24-బిట్ మోడ్‌లో నడుస్తోంది. ఆ మోడ్‌లో మెషిన్ రిజిస్టర్‌లోని కింది మూడు బైట్లను మాత్రమే అడ్రస్‌గా తీసుకుంటుంది.

1964లో ప్రకటించిన సిస్టమ్/360లో అడ్రస్ 24 బిట్లు, అంటే మొత్తం 16 మెగాబైట్లు. 1980ల తొలినాళ్లలో 31-బిట్ అడ్రసింగ్ వచ్చినప్పుడు పాత ప్రోగ్రామ్‌లు పాడవకూడదని రెండు మోడ్‌లనూ పక్కపక్కనే ఉంచారు. మెయిన్‌ఫ్రేమ్ వాళ్లు ‘లైన్’ అని పిలిచేది ఆ 16 మెగాబైట్ల హద్దునే. మన పట్టిక లైన్‌కు పైన ఉంది, దాన్ని చదివే సబ్‌రూటీన్‌కు లైన్‌కు పైన చూపు లేదు.

ఏది మారింది?

సబ్‌రూటీన్ ఎన్నో ఏళ్లుగా మారలేదు కాబట్టి పట్టికే మారి ఉండాలి. పట్టిక అడ్రస్ ఎక్కడ నిల్వ ఉందో లిస్టింగ్‌లో వెనక్కి వెళ్లి చూస్తే, ఐపీఎల్ తరువాత నడిచే మరో స్థానిక ప్రోగ్రామ్ దాన్ని అన్ని జాబ్‌లకూ ఉమ్మడి అయిన కామన్ స్టోరేజ్‌లో కేటాయిస్తోందని తేలుతుంది. ఆ ప్రోగ్రామ్‌ను సిస్టమ్ మార్పులను నమోదు చేసే ఎస్‌ఎంపీ/ఈలో యూజర్‌మాడ్‌గా (సంస్థ సొంత మార్పుగా) నమోదు చేసి ఉంటే, ఒక్క లిస్ట్ కమాండ్‌తో అది చివరిసారి ఎప్పుడు మారిందో తెలుస్తుంది. నమోదు చేయకుండా నేరుగా లైబ్రరీలోకి లింక్ చేసి ఉంటే, ఏఎమ్‌బీలిస్ట్‌తో మాడ్యూల్ లింక్ తేదీని తీసి, మార్పులు రాసుకునే పుస్తకంతో సరిపోల్చుకోవాలి. మన ఉదాహరణలో, లైన్ కింద ఉమ్మడి మెమరీ అయిన సీఎస్‌ఏ కరువైందని ఎవరో ఆదివారం నాడు ఆ కేటాయింపును లైన్‌కు పైనున్న ఈసీఎస్‌ఏకి మార్చారు. ఆ మార్పు దానంతట అది సరైనదే. పట్టికను చదివేవాళ్లు ఎవరెవరో చూడకపోవడమే లోపం.

అప్పటి వరుస క్రమాన్ని నిర్ధారించుకోవడానికి ఐపీసీఎస్‌లోని సిస్‌ట్రేస్ కమాండ్ ఉపయోగపడుతుంది. అందులో పీజీఎమ్ 011 అని ఎన్నో పంక్తులు కనిపిస్తాయి గానీ, వాటిలో చాలావరకు పేజీని మెమరీలోకి తేవడానికి జరిగే మామూలు పేజ్ ఫాల్ట్‌లు. వెంటనే కింద, రికవరీ మొదలైందని చెప్పే ఆర్‌సీవీవై పంక్తి ఉన్నదే మనకు కావలసినది.

మిగతా జాబ్‌లు ఎందుకు పడిపోలేదు?

ఆదివారం ఐపీఎల్ తరువాత వందల జాబ్‌లు ఇదే ఎగ్జిట్ గుండా వెళ్లాయి, పడిపోయింది ఒక్కటే. ప్రతి జాబ్‌కూ సొంత అడ్రస్ స్పేస్ ఉంటుంది; 00682 పేజీ జాబ్‌ల సొంత మెమరీ ప్రాంతంలోకి వస్తుంది. పడిపోయిన జాబ్‌లో ఆ పేజీని ఎవరూ కేటాయించుకోలేదు కాబట్టి 0సీ4 వచ్చింది. లైన్ కింద మెమరీని ఎక్కువగా వాడుకునే జాబ్‌లలో ఆ పేజీ ఉండే ఉంటుంది. అక్కడ సబ్‌రూటీన్ ఏ అబెండూ లేకుండా, పట్టిక బదులు ఆ జాబ్ సొంత డేటాను చదివి, దాన్నే ఖాతా వివరంగా తిప్పి పంపింది. అంటే పడిపోయిన జాబ్ అదృష్టవంతురాలు. ఆదివారం నుంచి సవ్యంగా ముగిసినట్టు కనిపించిన జాబ్‌ల ఖాతా రికార్డులను వెలికితీసి, తప్పు ఖాతాలకు పోయినవి ఎన్నో లెక్కించే పని ఇప్పుడు మొదలవుతుంది. నాలుగో ప్రశ్నను వదిలేసినవారికి ఈ పని ఉందనే తెలియదు.

ఇతరులను అడగాల్సి వస్తే

1955లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఐబీఎం 704 వాడేవారు షేర్ అనే సంఘాన్ని పెట్టుకున్నప్పటి నుంచి, ఒకరి సమస్యను మరొకరు తీర్చడం ఈ వృత్తిలో ఆనవాయితీగా వస్తోంది. కనెక్టికట్ బ్యాంక్ అండ్ ట్రస్ట్ పేరు మీదుగా వచ్చిన సీబీటీ టేప్‌లో సిస్టమ్ ప్రోగ్రామర్లు ఉచితంగా పంచుకున్న పనిముట్లు ఎన్నో ఉన్నాయి. కొత్తది రాయబోయే ముందు అందులో చూడటం తెలివైన పని. ఎవరినైనా అడిగేటప్పుడు జెడ్/ఓఎస్ వెర్షన్, పూర్తి అబెండ్ కోడ్, రీజన్ కోడ్, పీఎస్‌డబ్ల్యూ, రిజిస్టర్లు, ఈ మధ్య జరిగిన మార్పులు, మీరు ఇప్పటికే కొట్టిపారేసిన కారణాలు ఇవ్వాలి. ‘0సీ4 వస్తోంది, ఏం చేయాలి?’ అని అడిగితే అనుభవజ్ఞుడు ఎదురు ప్రశ్నలు వేయడం తప్ప మరేమీ చేయలేరు. డంప్‌లో ఖాతాదారుల డేటా ఉండవచ్చు కనుక దాన్ని బయటివారికి ఎప్పుడూ పంపకూడదు.

సరిదిద్దడం

తాత్కాలికంగా, పట్టిక కేటాయింపును మళ్లీ లైన్ కిందికి తీసుకురావాలి. అప్పటిదాకా ఎగ్జిట్ లేకపోయినా ఫరవాలేదనుకుంటే, డైనమిక్ ఎగ్జిట్‌ను సెట్‌ప్రాగ్ కమాండ్‌తో ఐపీఎల్ అవసరం లేకుండానే నిలిపివేయవచ్చు. శాశ్వత పరిష్కారం సబ్‌రూటీన్‌ను 31-బిట్‌కు మార్చడం. అయితే, మోడ్ మార్చి మళ్లీ లింక్ చేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. పాత అసెంబ్లర్ ప్రోగ్రామర్లు అడ్రస్ పదంలో ఖాళీగా ఉన్న పై బైట్‌లో జెండాలు దాచుకునేవారు. పై బైట్‌ను తుడవడానికి ఎల్‌ఏ ఆదేశాన్ని వాడేవారు. 31-బిట్ మోడ్‌లో అది ఒక్క బిట్‌ను మాత్రమే తుడుస్తుంది. బాల్ ఆదేశం పై బైట్‌లో దాచే కండిషన్ కోడ్‌ను తరువాత వాడుకునేవారు. 31-బిట్ మోడ్‌లో అది అక్కడ ఉండదు. మూడేసి బైట్లుగా అడ్రస్‌లను లోడ్ చేసే చోట్లు కూడా ఉంటాయి. లిస్టింగ్‌ను మొదటి పంక్తి నుంచి చివరిదాకా ఈ నాలుగింటి కోసం చదవాలి. వేరే దగ్గరిదారి లేదు.

మార్చినదాన్ని పరీక్షా ఎల్‌పార్‌లో (పరీక్షల కోసం మెషిన్‌లో వేరుచేసిన భాగంలో) నడిపేటప్పుడు, పట్టిక లైన్‌కు పైన ఉన్నప్పుడూ కింద ఉన్నప్పుడూ కూడా ఖాతా సరిగ్గా వస్తోందా అని చూడాలి. అబెండ్ రాకపోవడం ఒక్కటే ఇక్కడ రుజువు కాదు. తరువాత దాన్ని యూజర్‌మాడ్‌గా ప్యాకేజ్ చేసి, అప్లై చెక్ తో సరిచూసుకొని, ఆపైనే అప్లై చేయాలి. ప్రొడక్షన్‌లోకి వెళ్లిన రాత్రి అదే జాబ్ మీద స్లిప్ ట్రాప్‌ను ఉంచి, నెలాఖరు బ్యాచ్ కూడా ఆ ఎగ్జిట్ గుండా సవ్యంగా వెళ్లాక స్లిప్ డెల్‌తో తీసేయాలి.