జీపీజీ ఫైల్ నిన్న ఓపెన్ అయింది, ఇవాళ పాస్‌వర్డ్ తప్పంటోంది: ముందు ఏం చూడాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఆన్‌లైన్ సెంటర్లు, డీటీపీ షాపులు నడిపేవాళ్లలో కొందరు లినక్స్ రకాలైన ఉబుంటుకో మింట్‌కో మారాక, జనం ఇచ్చిన ఆధార్, పట్టా పాస్‌బుక్ స్కాన్లను జీపీజీ అనే ప్రోగ్రామ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసినట్టు చేసి పెట్టుకుంటున్నారు. మంచి అలవాటే. కాకపోతే చెడినప్పుడు నాకొచ్చే ఫోన్ మాత్రం ఎప్పుడూ ఒకటే: "అన్నా, నిన్న మంచిగనే ఓపెన్ అయింది, ఇయ్యాల పాస్‌వర్డ్ తప్పంటుంది." దాని సంగతి కింద వివరంగా చెప్తాను, ముందు తేలిగ్గా తేలిపోయేవి చూసేద్దాం. కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషులో చిన్నక్షరాలతో కొట్టుకోండి, పెద్దక్షరం కావాల్సిన చోట చెప్తాను.

పాస్‌వర్డ్ అడగకుండానే ఎర్రర్ వస్తోంది

ఇన్‌స్టాల్ అయిందో లేదో జీపీజీ --వెర్షన్ కొడితే తెలుస్తుంది. ఉబుంటు, మింట్‌లో మామూలుగా ముందే ఉంటుంది, లేకపోతే ఆప్ట్‌తో జీఎన్‌యూపీజీ ప్యాకేజీ వేసుకోవాలి. "నో పిన్ఎంట్రీ" అని వస్తే పాస్‌వర్డ్ అడిగే చిన్న ప్రోగ్రామ్ లేదన్నమాట, పిన్ఎంట్రీ-కర్సెస్ ఇన్‌స్టాల్ చేయండి, అయిపోతుంది.

ఎస్‌ఎస్‌హెచ్‌లో వేరే మెషీన్‌కు వెళ్లి నడిపినప్పుడు "ఇనప్రోప్రియేట్ ఐఆక్టల్ ఫర్ డివైస్" అంటే, పాస్‌వర్డ్ ఏ టెర్మినల్‌లో అడగాలో దానికి తెలియట్లేదు. ఎక్స్‌పోర్ట్ జీపీజీ_టీటీవై=$(టీటీవై) అనే లైను హోమ్‌లోని .బ్యాష్ఆర్‌సీ ఫైల్లో పెట్టి, టెర్మినల్ మూసి మళ్లీ తెరవండి. జీపీజీ_టీటీవై మాత్రం పెద్దక్షరాలు, ఎక్స్‌పోర్ట్, బ్రాకెట్లో ఉన్నది చిన్నక్షరాలు.

"నో సీక్రెట్ కీ"

ఇది పాస్‌వర్డ్ గొడవ కాదు. ఆ ఫైల్‌ను ఎవరో పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేశారు, దాని జత అయిన సీక్రెట్ కీ జీపీజీకి దొరకట్లేదు. జీపీజీ --లిస్ట్-సీక్రెట్-కీస్ కొట్టి చూడండి. ఖాళీగా ఉంటే, సిస్టమ్ ఫార్మాట్ చేయించినప్పుడు హోమ్‌లో చుక్కతో మొదలయ్యే .జీఎన్‌యూపీజీ ఫోల్డర్ పోయి ఉంటుంది, పాత బ్యాకప్‌లో వెతకండి. ఖాళీగా లేకపోతే, ఆ ఫైల్ వేరే కీకి ఎన్‌క్రిప్ట్ అయి ఉండొచ్చు, లేదా మీరు జీపీజీ ముందు సూడో (అడ్మిన్, అంటే రూట్ అధికారంతో నడిపే కమాండ్) పెట్టి ఉంటారు! సూడోతో నడిపితే అది రూట్ ఫోల్డర్‌లో కీ వెతుక్కుంటుంది, అక్కడ ఉండదు. కొన్ని సిస్టమ్‌లలో ఇంకో తలనొప్పి, మీ ఫోల్డర్‌లోని ఫైళ్లే రూట్ పేరు మీదికి పోతాయి, ఆ తర్వాత మామూలుగా నడిపినా "పర్మిషన్ డినైడ్" అంటుంది. చౌన్‌తో మళ్లీ మీ పేరు మీదికి తెచ్చుకుని, ఫోల్డర్‌కు చ్‌మాడ్ 700 ఇవ్వండి. జీపీజీకి సూడో అక్కర్లేదు, ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"బ్యాడ్ సెషన్ కీ": పాస్‌వర్డ్ కరెక్టే, కానీ ఒప్పుకోవట్లేదు

అసలు సంగతి ఇది. జీపీజీ -సి తో ఎన్‌క్రిప్ట్ చేశారు, అది రెండుసార్లు పాస్‌వర్డ్ అడిగింది, రెండూ కలిశాయి. వెంటనే జీపీజీ -డి తో తెరిచి చూశారు, ఓపెన్ అయింది, ఇంకేముంది అని ఒరిజినల్ స్కాన్ డిలీట్ చేశారు. మర్నాడు షాపు తెరిచాక ఎన్నిసార్లు కొట్టినా తప్పంటోంది. ఫైల్ పాడైందనో, వైరస్ అనో టెన్షన్ పడతారు గానీ, నన్నడిగితే ముందు చూడాల్సింది కీబోర్డ్.

దరఖాస్తు తెలుగులో టైప్ చేసి, కీబోర్డ్ తెలుగులోనే ఉండగా పాస్‌వర్డ్ కొట్టారు. పాస్‌వర్డ్ డబ్బాలో చుక్కలే కనబడతాయి కాబట్టి ఏం పడుతోందో తెలియదు. రెండోసారి కూడా అదే లేఅవుట్, అవే వేళ్లు, కాబట్టి రెండూ కలవడంలో వింతేమీ లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్‌లో ఎన్ నొక్కితే ల, ఏ నొక్కితే ఓత్వం, ఎల్ నొక్కితే త, జీ నొక్కితే కొమ్ము, ఓ నొక్కితే ద పడతాయి. ఇంగ్లీషులో నల్గొండ అని కొట్టాననుకుంటారు, లోపలికి మాత్రం "లోతుదల" అని పోయి, చివర పొల్లు, దాని మీద ఓత్వం వేలాడుతుంటాయి. (ఊరి పేరు పాస్‌వర్డ్‌గా పెట్టేవాళ్లకు వేరే క్లాసు పీకాలి, అది ఇంకోసారి.)

మరి ఆరోజు వెంటనే ఎలా ఓపెన్ అయింది? అప్పుడు అది పాస్‌వర్డ్ అడగనే లేదు, గుర్తు తెచ్చుకోండి. వెనకాల జీపీజీ-ఏజెంట్ అనేది మీరు ఇచ్చిన పాస్‌వర్డ్‌ను కాసేపు గుర్తుపెట్టుకుంటుంది. మామూలు సెట్టింగ్‌లో 600 సెకన్లు, అంటే పది నిమిషాలు. మధ్యలో వాడుతూ ఉంటే అది పొడుగవుతుంది, మొత్తం మీద 7200 సెకన్లు దాటదు. కాబట్టి మీరు చేసిన టెస్టులో మీ పాస్‌వర్డ్ పరీక్షకే రాలేదు, ఏజెంట్ దాచుకున్నదే లోపలికి వెళ్లింది. అడగకుండానే తెరుచుకుంది కాబట్టి అసలు ఎన్‌క్రిప్టే కాలేదని అనుకునేవాళ్లూ ఉన్నారు, అదీ కాదు.

తెరిచే దారి: సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ ఉందో చూసి, ఆరోజు వాడిన అదే లేఅవుట్‌కు మారండి. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో అయితే సూపర్ (విండోస్ గుర్తున్న కీ), స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది. అక్షరాల గురించి ఆలోచించకుండా ఎప్పటిలాగే వేళ్లు కదిలించండి. వేరే మెషీన్‌లో తెరవాలంటే అక్కడా అదే లేఅవుట్ ఉండాలి, ఇంగ్లీషు స్పెల్లింగ్ కొడితే తెలుగు వచ్చే రకం కీబోర్డ్ పెట్టుకుంటే కుదరదు. ఇదీ కాకపోతే ఇంగ్లీషులోకి వచ్చి క్యాప్స్ లాక్ వేసి ఒకసారి కొట్టండి, అది కూడా ఇలాగే రెండుసార్లూ మోసం చేస్తుంది. తెరుచుకున్నాక ఫైల్‌ను కొత్తగా, ఇంగ్లీషు లేఅవుట్‌లో ఎన్‌క్రిప్ట్ చేసుకోండి.

ఇకముందు పాస్‌వర్డ్ కొట్టే ముందు టెర్మినల్‌లో ఏబీసీ అని కొట్టి చూసి చెరిపేయండి. అసలు పాస్‌వర్డ్ అక్కడ కొట్టకండి, పొరపాటున ఎంటర్ నొక్కితే హిస్టరీలో ఉండిపోతుంది. ఎన్‌క్రిప్ట్ అయ్యాక జీపీజీకాన్ఫ్ --కిల్ జీపీజీ-ఏజెంట్ కొట్టండి, ఏజెంట్ గుర్తుపెట్టుకున్నదంతా పోతుంది. ఇప్పుడు -ఓ తో (తెరిచింది ఏ ఫైల్లో పెట్టాలో చెప్పేది) వేరే పేరు ఇచ్చి డీక్రిప్ట్ చేయండి. ఈసారి పాస్‌వర్డ్ అడగాలి, అడగకపోతే టెస్టు జరగనట్టే. వచ్చిన ఫైల్‌ను ఒరిజినల్‌తో సీఎంపీ కమాండ్ పెట్టి పోల్చండి, అది ఏమీ అనకుండా ఊరుకుంటే రెండూ ఒకటే. ఒరిజినల్ తీసేయడం ఆ తర్వాతే. జీపీజీ తనంతట తాను ఒరిజినల్‌ను తీసేయదు, అది మీ చేతిలో పని, కాబట్టి తొందరేం లేదు. రోజూ ఏజెంట్‌ను ఆపడం విసుగనిపిస్తే జీపీజీ.కాన్ఫ్ ఫైల్లో నో-సిమ్‌కీ-క్యాష్ అని ఒక లైను రాసుకోండి, పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసే ఫైళ్లకు ఆ గుర్తుపెట్టుకోవడం ఉండదు.

మిగతావి

"నో వ్యాలిడ్ ఓపెన్‌పీజీపీ డేటా" అంటే అది జీపీజీ ఫైలే కాదు, లేదా కాపీ అయ్యేటప్పుడు పాడైంది, పంపినవాళ్లను మళ్లీ పంపమనండి. తెరిస్తే స్క్రీన్ నిండా పిచ్చి అక్షరాలు పడ్డాయంటే -ఓ మర్చిపోయారు, అంతే. డిస్క్ చెడిపోవడం, జీపీజీలోనే బగ్ ఉండటం లాంటివి అరుదు, వాటి మీద టైం పెట్టకండి.

లేఅవుట్, క్యాప్స్ లాక్ అన్నీ చూసినా రాకపోతే, పాస్‌వర్డ్ నిజంగానే మర్చిపోయినట్టు. డబ్బులిస్తే తెరిచిపెడతామనేవాళ్ల జోలికి పోకండి, మంచి పాస్‌వర్డ్ అయితే వాళ్లకూ తెరుచుకోదు. కస్టమర్‌కు ఫోన్ చేసి, కాగితాలు మళ్లీ తెప్పించుకుని స్కాన్ చేయండి.