సరిహద్దు జిల్లాల్లో మన ఇంటిపేరు మూలం పట్టుకోవడం ఎలా

ఆంధ్ర సరిహద్దుకు ఒడిశా వైపునున్న బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతపు తెలుగు ఇళ్ళలో ఒకే ఇంటిపేరు మూడు లిపుల్లో కనిపిస్తుంది. తాతగారి దస్తావేజులో తెలుగు, నాన్నగారి భూమి పట్టాలో ఒడియా, పిల్లల ఆధార్‌లో ఇంగ్లీషు. లిపి మారినప్పుడల్లా పేరు కొంచెం అరుగుతుంది. ఇంటిపేరుకు అర్థమేమిటని అడిగేవాళ్ళు ముందుగా నిఘంటువు తెరుస్తారు. అక్కడే దారి తప్పుతారు. ముందు సరైన రూపం, తర్వాత ఊరు, ఆ తర్వాతే అర్థం, అన్నీ అయ్యాక ఎన్ని ఇళ్ళున్నాయన్న లెక్క. ఈ వరస మారిస్తే మిగిలేది ఊహే.

ఏది ఇంటిపేరో తేల్చుకోండి

తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందుంటుంది, పొడి అక్షరంగా కుదించుకుపోతుంది. ఒడిశా ఆఫీసుల్లో చివరి మాటే ఇంటిపేరని రాసుకుంటారు. బరంపురంలో 1894లో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారిని చూడండి. ఆయన ఇంటిపేరు వరాహగిరి, అంటే మొదటి 'వి'. రెండో 'వి' వెంకట. చివరనున్న 'గిరి' ఆయన సొంత పేరు. పద్ధతి తెలియనివాళ్ళు గిరినే వంశనామం అనుకుంటారు. మీ ఇంట్లోనూ రావు, మూర్తి, నాయుడు, ఆచారి, పాత్రో, దొర లాంటి తోక మాటలు సర్టిఫికెట్లలో ఇంటిపేరు గడిలో కూర్చుని ఉండొచ్చు. వాటిని పక్కన పెట్టి, ముందున్న పొడి అక్షరానికి పూర్తి రూపం ఏమిటో ఇంట్లో పెద్దవాళ్ళ చేత తెలుగులో పలికించి రాసుకోండి. నాన్నమ్మలను, మేనత్తలను తప్పకుండా అడగండి. పెళ్ళిసంబంధాలు చూసేటప్పుడు ఇంటిపేరూ గోత్రమూ కలవకూడదు కాబట్టి వాళ్ళకు ఆ రెండూ కచ్చితంగా గుర్తుంటాయి. పాత శుభలేఖ ఒక్కటి దొరికినా రెండు వైపుల ఇంటిపేర్లూ ఊళ్ళూ అందులో ఉంటాయి.

కొన్ని పేర్లు పదవి నుంచి వచ్చాయి. పర్లాకిమిడి మన్యంలో కొండ ప్రాంతపు పెత్తనం చేసిన వాళ్ళను బిసోయి అనేవారు. బరంపురం బుడీ ఠాకురాణి యాత్రలో అమ్మవారి పుట్టింటి బాధ్యత దేవాంగుల కులపెద్ద దేశిబెహరాది. ఇలాంటి పదవి పేరు మీ పేరులో ఉంటే దాని వెనక వేరే అసలు ఇంటిపేరు ఉందేమో అడగండి. చాలా ఇళ్ళలో ఉంటుంది.

లిపి చేసిన మార్పులు విప్పడం

పెద్దవాళ్ళు లేకపోతే కాగితాల మీద ఆధారపడాలి. అప్పుడు ఏ లిపి ఏం చెరిపేస్తుందో తెలిసి ఉండాలి.

ఒడియాలో ఎ-ఏ తేడా లేదు, ఒ-ఓ తేడా లేదు. కొరాడ అన్నా కోరాడ అన్నా అక్కడ ఒక్కటే రాత. గేదెల అన్న పేరు గేదేల అవుతుంది. మన 'వ'ను ఎక్కువగా 'భ'తో రాస్తారు, కాబట్టి వేలూరి 'భేలూరి'గా, వెంకట 'భేంకట'గా కనిపిస్తాయి. ట-త, డ-ద, ల-ళ తేడాలు మాత్రం ఒడియాలో భద్రంగా ఉంటాయి. ఇంగ్లీషు రాతలో సరిగ్గా ఇవే పోతాయి: 'టి' అక్షరం ఒక్కటే త, ట, థ, ఠ నాలుగింటికీ పనిచేస్తుంది. పైగా దీర్ఘాలూ ద్విత్వాలూ రాసేవాడి ఇష్టం. కోట, కొత్త, కోత మూడూ ఇంగ్లీషులో ఇంచుమించు ఒకేలా పడతాయి. అందుకే ఒడియా కాగితాన్నీ ఇంగ్లీషు కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. ట-త సంగతి ఒడియా చెబుతుంది. అచ్చు పొట్టిదా పొడుగుదా అన్నది మాత్రం ఆ రెండూ చెప్పలేవు. దానికి పాత తెలుగు దస్తావేజు కావాలి.

పాత తెలుగు రాతకూ ఒక అలవాటుంది. ఇ, ఈ, ఎ, ఏ లతో మొదలయ్యే మాటలను యి, యీ, యె, యే అనీ, ఉ, ఒ లతో మొదలయ్యేవాటిని వు, వొ అనీ రాసేవారు. మీ ఇంటిపేరు అచ్చుతో మొదలైతే పట్టికల్లో రెండు అక్షరాల కిందా వెతకండి.

ఇంటిపేరులోంచి ఊరిని బయటికి తీయడం

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన పని ఇదే. ఊరినిబట్టి వచ్చిన ఇంటిపేరు చాలాసార్లు ఊరి పేరులా ఉండదు. 'ఫలానా ఊరి వారు' అనేటప్పుడు మాట చివర ఎలా మారుతుందో అలా మారి ఉంటుంది. దాన్ని వెనక్కి తిప్పాలి.

ఊరి → ఊరు: కందుకూరి వారి ఊరు కందుకూరు.
పాటి → పాడు: నూతలపాటి వారి ఊరు నూతలపాడు.
ఇంటి → ఇల్లు, నూతి → నుయ్యి, నాటి → నాడు.
మర్తి → మర్రు, పర్తి → పర్రు: పెనుమర్తి వారి ఊరు పెనుమర్రు.

పల్లి, పూడి, వలస లాంటివి మారవు. బొడ్డేపల్లి, చింతాడ అన్న పేర్లు ఊరుగానూ ఇంటిపేరుగానూ ఒకేలా ఉంటాయి, రెండూ శ్రీకాకుళం జిల్లావే. 'నేని' అని ముగిస్తే ఊరి కోసం వెతకొద్దు. అది నాయని అన్న మాట కుదించుకుపోయిన రూపం, ముందు భాగం పూర్వీకుడి పేరు అయ్యే అవకాశమే ఎక్కువ. 'ల' తో ముగిసేవి చాలావరకు బహువచనాలు: గేదెలు-గేదెల, బండ్లు-బండ్ల.

ఇప్పుడు మీ చేతిలో ఊరి పేరు ఉంది. దాన్ని వెంటనే పక్క మండలంలో ఉన్న అదే పేరు గల ఊరికి అంటగట్టకండి. తెలుగు నేల మీద ఒకే పేరున్న ఊళ్ళు బోలెడు. పైగా ఇంటిపేరులోని ఊరు కుటుంబం చాలా తరాల కింద వదిలిన ఊరు కావచ్చు. రాజమండ్రిలో పుట్టిన వీరేశలింగంగారి ఇంటిపేరులోని కందుకూరు ఎంతో దక్షిణాన ఉంది. జనగణన శాఖవాళ్ళ జిల్లా పుస్తకాల్లో ప్రతి మండలానికీ గ్రామాల పట్టిక ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పట్టికలతో మొదలుపెట్టి ఆ పేరున్న ఊళ్ళన్నీ రాసుకోండి. ఒక్క ఊరే దొరికినా 'కావచ్చు' అనే రాయండి. రుజువు కాగితాల నుంచి రావాలి.

కాగితాలు ఎక్కడుంటాయి

జిల్లా పేర్ల దగ్గరే చాలామంది వెతుకులాట ఆగిపోతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లో జిల్లా. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం కూడా అందులోవే. కాబట్టి అంతకు ముందటి కాగితంలో 'గంజాం జిల్లా' అని ఉన్నంత మాత్రాన మీవాళ్ళు ఇప్పటి ఒడిశా వైపు వాళ్ళని కాదు. ఇంగ్లీషు కాగితంలో 'చికాకోల్' అని ఉంటే అది శ్రీకాకుళం. రాయగడ, గుణుపురం, జయపురం, కొరాపుట్ అప్పట్లో విశాఖపట్నం జిల్లా కిందివి. శ్రీకాకుళం 1950లో, గజపతి, రాయగడ 1992లో జిల్లాలయ్యాయి. ఏ కాగితమైనా తేదీ చూసి, ఆనాటి జిల్లా ఏదో పక్కన రాసుకున్నాకే చదవండి.

ఇంగ్లండులో స్మిత్, జాన్సన్ లాంటి పేర్ల చరిత్ర తవ్వేవాళ్ళకు 1538 నుంచి రాసిన చర్చి రిజిస్టర్లు ఉన్నాయి. మనకు ఆ పని చేసిపెట్టేది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఎక్కుతాయి. వాటికి ఒకటో సూచికలో రాసిచ్చినవాళ్ళ, రాయించుకున్నవాళ్ళ పేర్లు, రెండో సూచికలో ఆస్తుల వివరాలు ఉంటాయి. 57వ సెక్షన్ కింద రుసుము కట్టిన ఎవరైనా ఈ పుస్తకాన్నీ సూచికలనూ చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాల నకలు మాత్రం రాసినవాళ్ళు పోయాకే ఇతరులకు ఇస్తారు.

వెళ్ళేముందు ఊరి పేరు, సుమారు సంవత్సరం సిద్ధం చేసుకోండి. 'పాతవన్నీ చూపించండి' అంటే ఎవరూ చూపించరు. ఐదేళ్ళ చొప్పున అడగండి. సూచికలో ఇంటిపేరు మొదటి అక్షరం కిందా, సొంత పేరు మొదటి అక్షరం కిందా వెతకండి, ఒక్కో గుమాస్తా ఒక్కోలా ఎక్కించేవాడు.

దస్తావేజు చేతికి వచ్చాక మొదటి వాక్యం నింపాదిగా చదవండి. 'గంజాం జిల్లా పర్లాకిమిడి తాలూకా ఫలానా గ్రామ కాపురస్థులు, ఫలానా వారి కొమారుడు ఫలానా వారికి వ్రాయించి యిచ్చిన విక్రయ దస్తావేజు' అన్న ఒక్క వాక్యంలో ఊరు, తండ్రి పేరు, ఇంటిపేరు పూర్తి రూపం, చాలాసార్లు కులం, వృత్తి కూడా వస్తాయి. ఆ తర్వాత హద్దులు చూడండి. తూర్పున ఫలానా వారి భూమి, దక్షిణాన ఫలానా వారిది అని ఉంటుంది. అన్నదమ్ములు పంచుకున్న భూమి అయితే ఆ హద్దుల్లోనే మీ ఇంటిపేరు మళ్ళీ కనిపిస్తుంది. చివరన సాక్షుల పేర్లూ రాసుకోండి. అల్లుళ్ళూ బావమరుదులూ సాక్షులుగా ఉండడం మామూలే, వాళ్ళ ఇంటిపేర్లు తర్వాతి వెతుకులాటకు దారి చూపుతాయి.

భూమి రికార్డులు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. ఒడిశా భూలేఖ్ వెబ్‌సైటులో జిల్లా, తహసీలు, గ్రామం ఎంచుకుని, ఖతియాన్, ప్లాట్, టెనెంట్ అన్న మూడింట్లో టెనెంట్ నొక్కితే ఆ గ్రామపు రైతుల పేర్ల జాబితా ఒడియాలో వస్తుంది. పట్టా తెరిస్తే తండ్రి పేరు, జాతి (కులం), నివాసం కూడా ఉంటాయి. నివాసం వేరే ఊరని ఉంటే దాన్ని ప్రత్యేకంగా రాసుకోండి, వలస వచ్చిన దారి అక్కడ దొరకొచ్చు. ఆంధ్ర వైపు మీభూమి వెబ్‌సైటులో గ్రామ 1-బి (ఊళ్ళో ఎవరి పేరున ఏ భూమి ఉందో చెప్పే పట్టిక) తెలుగులోనే ఉంటుంది, సరైన అచ్చులు సరిచూసుకోవడానికి పనికొస్తుంది. ఆ వైపు జమీందారీ ఊళ్ళయితే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌ను తహసీల్దారు ఆఫీసులో అడగండి. ఎవరి పేరున ఏ సర్వే నంబరు మొదట ఖాయమైందో అందులో ఉంటుంది. గయలో పిండాలు పెట్టిన కుటుంబమైతే అక్కడి పండాల పుస్తకాల్లో ఊరు పేరున వంశావళి ఉండే అవకాశం ఉంది.

అర్థం

ఊరు రుజువైతే అర్థం వెతకాల్సింది ఇంటిపేరుకు కాదు, ఊరి పేరుకు. ఊరు దొరకకపోతేనే పని, వస్తువు, జంతువు, పూర్వీకుడి పేరు అన్న దారులు చూడండి. తాపీ అన్న ఇంటిపేరు వింటే పని కళ్ళముందు కనబడుతుంది. అన్నీ అలా ఉండవు. పర్లాకిమిడిలో ఉండి సవర భాషకు నిఘంటువు కూర్చిన రామమూర్తి పంతులుగారి ఇంటిపేరు గిడుగు. నిఘంటువులో ఆ మాటకు ఆకులతో అల్లిన గొడుగు అని ఉంటుంది. అంతమాత్రాన ఆ ఇంటివాళ్ళు గొడుగులు అల్లారని చెప్పేస్తే అది కల్పనే. నిఘంటువు మాటకు అర్థం చెబుతుంది, ఆ పేరు ఎందుకు పెట్టారో చెప్పదు. కాగితం దొరికే వరకు 'మాటకు అర్థం ఇది' అని మాత్రమే రాసుకోండి. ఒడియా, సవర మాటలు కలిసిన ఊరి పేర్లకు తెలుగు నిఘంటువు ఒక్కటే పెట్టుకుని కూర్చోవద్దు. ఇచ్ఛాపురం, కవిటి వైపు 'పుట్టుగ' అని ముగిసే ఊళ్ళ పేర్లను ఒడియా తెలిసిన పెద్దల చేత పలికించాలి.

ఇప్పుడు ఎన్ని ఇళ్ళున్నాయి

దీనికి ఓటర్ల జాబితా పనికొస్తుంది. పోలింగ్ భాగాల వారీగా పీడీఎఫ్‌లు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఉంటాయి. చాలావాటిలో అక్షరాలు బొమ్మలుగా ఉంటాయి కాబట్టి వెతుకు గడిలో టైపు చేస్తే ఏమీ రాదు. రాలేదంటే లేరని అనుకోవద్దు, కంటితో చదవాలి.

మనుషులను కాదు, ఇంటి నంబర్లను లెక్కపెట్టండి. ఒక ఇంట్లో ఎనిమిది ఓట్లుంటే ఎనిమిది అనిపిస్తుంది, ఉన్నది ఒక ఇల్లే. మూడు గడులు గీయండి: పూర్తి ఇంటిపేరు కనిపించిన ఇళ్ళు, పొడి అక్షరం మాత్రమే ఉన్న ఇళ్ళు, మొత్తం ఇళ్ళు. ఉదాహరణకు 240 ఇళ్ళలో పూర్తి పేరున్నవి 12 అయితే నూటికి 5. 'కె. రామారావు' లాంటివి ఇంకో 6 ఉంటే అవి రెండో గడిలోనే ఉండాలి, ఆ వీధివాళ్ళను అడిగి తేలాకే మొదటి గడిలోకి రావాలి. బరంపురం లాంటి పట్టణంలో లెక్క తప్పేది ఎక్కువగా ఈ పొడి అక్షరాల దగ్గరే. పెళ్ళై వచ్చిన ఆడవాళ్ళకు పుట్టింటి పేరే కార్డులో ఉండిపోవచ్చు, అందుకూ ఇంటి నంబరే ఆధారం.

మీ ఊరు, పక్క తాలూకా, మీరు మూలం అనుకుంటున్న ఊరి చుట్టుపక్కల, మూడుచోట్లా ఇదే లెక్క చేయండి. మూలం వైపు ఇళ్ళు చిక్కగా ఉంటే మీ ఊహకు బలం వస్తుంది. ఒక్కోసారి మూలం ఊళ్ళో ఆ ఇంటిపేరు అసలు ఉండదు. ఊళ్ళో ఉన్నంతకాలం ఊరి పేరుతో పిలవాల్సిన అవసరం లేదు, బయటికి వెళ్ళినవాళ్ళకే ఆ గుర్తు అవసరమైంది. కాబట్టి ఊళ్ళో సున్నా వచ్చినా కంగారుపడొద్దు, ఆ చుట్టుపక్కల చూడండి.

ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. ఒకే ఊరు వదిలిన వేరువేరు కులాలవాళ్ళు ఒకే ఇంటిపేరు పెట్టుకున్నారు. గోత్రం, కులం, ఇలవేల్పు కూడా అడిగి, కలిసినవాళ్ళను ఒక గుంపుగా, కలవనివాళ్ళను వేరు గుంపుగా రాయండి.

తేలిన రూపాన్ని తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో ఒకే కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ ఇవ్వండి. పిల్లల స్కూలు అడ్మిషన్ ఫారం నింపేటప్పుడు ఇంటిపేరు గడిలో పొడి అక్షరం కాకుండా పూర్తి ఇంటిపేరే రాయించండి. పదో తరగతి సర్టిఫికెట్ వచ్చాక మార్చుకోవాలంటే అఫిడవిట్, గెజిట్ అంటూ తిరగాల్సి వస్తుంది.