సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? పేరు మారేదాకా డబ్బంతా ఇచ్చేయకండి

సంక్రాంతి లోపు ఇంటి ముందు కారు ఉండాలని చాలామంది ఈ నెలల్లోనే కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతుంటారు. ఆ తొందరలో ఉన్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మొన్న తిరుపతిలో మా వీధిలో ఒకరి స్విఫ్ట్ కారు పోయింది. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. చెన్నై నుంచి వస్తుంటే వడమాలపేట టోల్‌గేట్ దగ్గర ఫైనాన్స్ వాళ్లు ఆపి, పిల్లల్నీ సామాన్లనూ దింపి, బండి తీసుకెళ్లిపోయారు. అప్పు వీళ్లది కాదు, అమ్మినాయనది. ఆయన కంతులు కట్టడం ఎప్పుడో మానేశాడు. వీళ్లేమో మూడున్నర లక్షలూ ఒకేసారి ఇచ్చేసి, సంతకాలు పెట్టిన ఫారాలు డాష్‌బోర్డులో పెట్టుకుని నెలల తరబడి తిరిగారు. ఇలా మునిగినవాళ్లు ఈ ఊళ్లో వీళ్లే మొదటివాళ్లు కాదు.

రంగు, మైలేజీ, మ్యూజిక్ సిస్టమ్ సంగతి ఎవరైనా చెప్తారు. అసలు దెబ్బ తగిలేది కాగితాల దగ్గర.

పేరు మార్పు కాగితాలైన ఫారం 29, ఫారం 30 మీద సంతకం పడితే బండి మనదైపోయిందని మన దగ్గర ఒక నమ్మకం. "ఏం కాదులేన్నా, సంతకాలు ఉండాయి కదా, దుడ్లు ఇచ్చి బండి తీసుకుపోండి, పేరు నిదానంగా మార్చుకోవచ్చు" అంటాడు మధ్యవర్తి. ఆ నిదానమే కొంప ముంచుతుంది. సీ-బుక్‌లో, అంటే ఆర్‌సీలో, మీ పేరు పడేదాకా రికార్డులో బండి అమ్మినాయనదే. చట్టం ప్రకారం రాష్ట్రం లోపల అమ్మకమైతే అమ్మినాయన 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలి. ఆ గడువు గుర్తుపెట్టుకున్నవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

ఇప్పుడు ట్రాన్స్‌ఫర్‌కు ఆన్‌లైన్‌లో అప్లై చేయాలి. రికార్డులో ఉన్న ఓనరు సెల్‌కు ఓటీపీ వెళ్తుంది. ఆయన నంబరు మార్చేసి ఉంటే? కువైట్ వెళ్లిపోయి ఉంటే? చనిపోతే వారసులందరి చుట్టూ తిరగాలి. అప్పుడు ఆ సంతకాల కాగితాలు దేనికీ పనికిరావు.

ఇన్సూరెన్స్ సంగతి ఇంకా ఘోరం. థర్డ్ పార్టీ కవరు బండితో పాటు మీకు వస్తుంది. కానీ మీ బండికి తగిలిన దెబ్బకు క్లెయిమ్ వేస్తే, పాలసీ మీ పేరున లేదని కొట్టేస్తారు. కొన్న 14 రోజుల్లోపు కంపెనీకి రాసి పేరు మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం పాత ఓనరుతోనే పోతుంది కాబట్టి ప్రీమియం కొంత పెరుగుతుంది, అది బేరంలోనే లెక్క వేసుకోండి. తిరుమల కొండకు వెళ్లేవాళ్లకు ఇంకో ఇబ్బంది. 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరిలో ఫాస్టాగ్ తప్పనిసరి. అద్దం మీద ఉన్నది పాత ఓనరుది. ఆయన దాన్ని మూసేసిన రోజు మీరు టోల్ దగ్గర ఆగిపోతారు.

అమ్మేవాళ్లు "అంత తొందరెందుకు" అంటే ఒక మాట చెప్పండి. యాక్సిడెంటు జరిగితే రికార్డులో పేరున్న ఓనరే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఈ మాట వింటే మీకంటే ముందు ఆయనే ఆర్టీవో ఆఫీసుకు వస్తాడు.

అందుకే పద్ధతి ఇలా పెట్టుకోండి. టోకెన్ అడ్వాన్స్ చిన్నదిగా ఇవ్వండి. ట్రాన్స్‌ఫర్‌కు ఇద్దరూ కలిసి ఒకే రోజు అప్లై చేసి, పెద్ద మొత్తం అప్పుడు ఇవ్వండి. యాభై వేలైనా ఆపుకోండి. సీ-బుక్‌లో మీ పేరు కనబడ్డాకే ఆ మిగతాది ఇవ్వాలి.

అప్పు సంగతి: ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫైనాన్స్ ఉందా, ఎన్నో ఓనరు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా అన్నది తెలుస్తుంది. "అప్పు తీరింది, బ్యాంకు లెటర్ ఉంది" అంటే ఒప్పుకోకండి. ఆ లెటరూ ఫారం 35 ఆర్టీవోలో ఇచ్చి, సీ-బుక్‌లో ఉన్న ఫైనాన్స్ పేరు (హెచ్‌పీ) కొట్టేయించి చూపించమనండి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు ఆయనవి.

తమిళనాడు, కర్ణాటక నంబర్లు మనకు దగ్గర కాబట్టి, రేటు తక్కువ కాబట్టి ఆశ పుడుతుంది. అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికి రాకముందు టోకెన్ దాటి రూపాయి ఇవ్వకండి. ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అక్కడ కట్టినదాంట్లో మిగిలింది వాపసు తెచ్చుకోవడం వేరే తిరుగుడు. ఆ లెక్క వేస్తే చాలాసార్లు లోకల్ బండే చవక. ఇంకో తిరకాసు: ఏపీ 03 (చిత్తూరు జిల్లా పాత సిరీస్) ఉంటే బండి పాతదని, ఏపీ 39 ఉంటే కొత్తదని అనుకుంటారు. మొదటి సగం నిజమే, ఏపీ 39 సిరీస్ 2019లో మొదలైంది. కానీ చెన్నై నుంచి తెచ్చి ఇక్కడ రిజిస్టరు చేయించిన పాత బండికి కూడా కొత్త సిరీస్ నంబరే పడుతుంది. నంబరు చూడకండి, సీ-బుక్‌లో తయారైన నెల, సంవత్సరం చూడండి.

ఏ బండి? మూడు నాలుగు లక్షల్లో, నెలకు కొద్దిగా తిరిగే కుటుంబానికి పెట్రోల్ వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, గ్రాండ్ ఐ10, అమేజ్, ఎటియోస్. ఏది దొరికినా మన మెకానిక్కులకు చేయి తిరిగినవే. షెవర్లే 2017లో, ఫోర్డ్ 2021లో, డాట్సన్ 2022లో ఇక్కడ అమ్మకాలు ఆపేశాయి. చవకగా వస్తాయి గానీ, ఒకే కారు ఉన్న ఇంటికి వద్దు. 15 ఏళ్లు దగ్గరపడిన బండీ వద్దు. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఫీజే 5,000, ఆపైన ఫిట్‌నెస్‌కు కావాల్సిన పనులన్నీ మీ నెత్తిన పడతాయి.

నీళ్లలో మునిగిన బండి గురించి కాస్త ఆగి చెప్పాలి. 2015, 2023 డిసెంబర్లలో చెన్నై మునిగింది. 2021 నవంబరులో మన తిరుపతి కూడా మునిగింది, కాబట్టి లోకల్ బండి అని ధీమా వద్దు. సీటు బెల్టును చివరిదాకా లాగండి. చివరి మూరెడు ఎప్పుడూ బయటికి రాదు, అందుకే అక్కడ ఎవరూ కడగరు. ఆ భాగంలో మట్టి రంగు గీత కనబడితే ఇంకేమీ చూడక్కర్లేదు. కనబడకపోతే స్టెప్నీ ఉండే గుంతలో, సీట్ల కింది పట్టాల మీద తుప్పు చూడండి. కార్పెట్ మూల ఎత్తి వాసన చూడండి. కొత్త కార్పెట్, ఘాటైన సెంటు రెండూ ఉంటే ఇంకా అనుమానించండి.

తిరుపతిలో ట్యాక్సీగా తిరిగి తెల్ల బోర్డుగా మారిన బండ్లూ ఎక్కువే, ముఖ్యంగా డిజైర్, ఎటియోస్. పైన క్యారియర్ బిగించిన గుర్తులు, స్పీడ్ గవర్నర్ తీసేసిన వైర్లు వెతకండి. మీటరు 60 వేలు చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే రీడింగ్ తిప్పారని అర్థం. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో నంబరు చెప్పి సర్వీస్ హిస్టరీ తీయించండి.

ఇక వరసగా:

మెకానిక్ మీవాడై ఉండాలి. అమ్మేవాడు తెచ్చిన మెకానిక్ వద్దు.

పొద్దున్నే వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పండి. బానెట్ మీద చేయి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఇంకో రోజు రండి. చల్లటి ఇంజనే నిజం చెప్తుంది.

ఘాట్ ఎక్కించండి. తిరుపతి వాళ్లకు తిరుమల లేదా భాకరాపేట, చిత్తూరు వాళ్లకు మొగిలి. నలుగురు కూర్చుని, ఏసీ వేసి. ఇంజన్ మోత పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేటు పోయింది. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఆపి దిగిపోండి. దిగేటప్పుడు కాసేపు యాక్సిలరేటర్ వదిలేసి ఒక్కసారి నొక్కమనండి, వెనక నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది.

ఘాట్‌కు ఒప్పుకోకపోతే బండి వద్దు.

టైరు మీది నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం.

బానెట్ బోల్టుల మీద స్పానర్ గీతలుంటే ఎందుకని అడగండి.

గ్యాస్ కిట్ ఉంటే సీ-బుక్‌లో ఎక్కిందా? ఎక్కకపోతే వద్దు.

డబ్బు సీ-బుక్‌లో పేరున్నాయన బ్యాంకు ఖాతాకే వేయండి. మధ్యవర్తి ఫోన్‌పేకు కాదు, బావమరిది ఖాతాకు కాదు.

"సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది" అన్నాడా? రానివ్వండి.

బడ్జెట్ మొత్తం బండికే పెట్టకండి. టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్స్‌కు నలభై యాభై వేలు పక్కన పెట్టండి.

పేరు మారలేదా? మిగతా డబ్బు ఇవ్వకండి. ఆయన ఎంత మంచివాడైనా, చుట్టమైనా, గుళ్లో ప్రమాణం చేసినా.

చలాన్లు చూసి, ఆయన చేతే కట్టించండి. డెలివరీ నోట్‌లో తేదీతో పాటు టైమ్ కూడా రాయించి ఇద్దరూ సంతకం పెట్టండి. ఆ టైమ్‌కు ముందు పడిన చలానూ, జరిగిన యాక్సిడెంటూ మీవి కావని చూపించడానికి అదే కాగితం.