ఇంగ్లండు పార్కులో కుక్క మీదికి వస్తే: తిరుపతి, చిత్తూరు నుంచి వెళ్లే అమ్మానాన్నలకు

ఇంగ్లండులో వీధికుక్క కనిపించడం చాలా అరుదు. యజమాని లేకుండా తిరుగుతున్న కుక్కను కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వాళ్లు పట్టుకెళ్లి ఏడు రోజులు ఉంచుతారు. అప్పటికీ ఎవరూ రాకపోతే దానికి వేరే దారి చూస్తారు. అందువల్ల నడకలో మీకు ఎదురయ్యే కుక్కకు, అది ఎంత విచ్చలవిడిగా పరిగెత్తుకొస్తున్నా, కాస్త దూరంలో ఒక మనిషి ఉంటాడు. కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఆరు నెలలు ఉండి వద్దామని విజిటర్ వీసా మీద బయలుదేరే పెద్దవాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవలసింది ఇదే. మన ఊళ్లో కుక్క అడ్డొస్తే కుక్కతోనే తేల్చుకుంటాం. అక్కడ దాని వెనక ఉన్న మనిషితో తేల్చుకోవాలి.

తిరుపతిలో తెల్లవారుజామున యూనివర్సిటీ ఆవరణలో నడిచేవాళ్లకు కుక్కల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. ఏ మలుపు దగ్గర ఏ గుంపు ఉంటుందో, వాటికి ఎవరు బిస్కెట్లు వేస్తారో, ఎంతవరకు వెళితే మొరుగుతాయో అందరికీ తెలుసు. మొరిగితే వంగి రాయి ఏరుతున్నట్టు నటిస్తాం. చాలా కుక్కలు అక్కడే ఆగిపోతాయి. లేదంటే చేతిలో కర్ర ఉంటుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని బలితీసుకున్నాక టీటీడీ వాళ్లే నడిచివెళ్లే భక్తుల చేతికి కర్రలిచ్చారు. చేతిలో కర్ర ఉంటే ధైర్యం అనే నమ్మకం మనవాళ్లలో అప్పటి నుంచి ఇంకాస్త బలపడింది.

ఆ రెండు అలవాట్లనూ రేణిగుంట విమానాశ్రయంలోనే వదిలి వెళ్లండి. ఇంగ్లండు కుక్క చిన్నప్పటి నుంచి ఎవరో ఒకరు విసిరిన పుల్లనో బంతినో తెచ్చి ఇస్తూ పెరిగింది. మీరు కర్ర పైకెత్తితే అది బెదిరింపు అనుకోదు. ఆట మొదలైందని సంబరపడి, కర్ర అందుకోవడానికి మీ మీదికే ఎగురుతుంది. వంగితే మీ ముఖం సరిగ్గా దాని మూతి దగ్గరికి వస్తుంది. ఇక నిజంగా రాయి విసిరారంటే వ్యవహారం మీ మెడకే చుట్టుకోవచ్చు. జంతువును అనవసరంగా బాధపెట్టడం అక్కడ 2006 నాటి జంతు సంక్షేమ చట్టం ప్రకారం నేరం. మీదపడి కరుస్తున్న కుక్కను తొయ్యడం, విదిలించుకోవడం ఆత్మరక్షణే, దానిని ఎవరూ తప్పు పట్టరు. ఊరికే మొరిగిన కుక్కను కొడితే మాత్రం సంజాయిషీ చెప్పుకోవలసింది మీరే. మోకాళ్ల నొప్పులకు వాడే చేతికర్ర ఉంటే నిశ్చింతగా తీసుకువెళ్లండి, దాని మొన నేల మీదే ఉండనివ్వండి.

పెప్పర్ స్ప్రే సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆడపిల్ల దూరదేశంలో ఉంటుందని కొనిచ్చే తల్లిదండ్రులు మనలో చాలామంది. బ్రిటన్‌లో దానిని తుపాకుల చట్టం కిందే నిషేధించారు. సంచిలో ఉన్నా నేరమే. కుక్కల కోసం పెట్టుకున్నాను అన్న జవాబు అక్కడ చెల్లదు.

అసలు కుక్కలను అలా ఎందుకు వదిలేస్తారు అన్నది వెళ్లిన ప్రతి ఒక్కరూ మొదటి వారంలోనే అడిగే ప్రశ్న. పార్కుల్లో, మైదానాల్లో ప్రతి కుక్కనూ కట్టే ఉంచాలన్న చట్టం దేశమంతటికీ లేదు. అదుపులో ఉంటే చాలు. కొన్ని రోడ్ల మీద తాడు తప్పనిసరి. కొన్ని పార్కుల్లో స్థానిక కౌన్సిల్ ఉత్తర్వు ఉంటుంది, ఆ సంగతి గేటు దగ్గర బోర్డు మీద రాసిపెడతారు. పిల్లల ఆటస్థలాల్లోకి చాలాచోట్ల కుక్కలను రానివ్వరు. కాబట్టి కొత్త పార్కుకు వెళ్లిన రోజు పూలను తర్వాత చూడవచ్చు, ముందు గేటు బోర్డు చదవండి. చదవడం కష్టమైతే ఫోనులో ఫొటో తీసి సాయంత్రం పిల్లలకు చూపించండి. కుక్కలను వదలకూడని భాగం ఏదైనా ఉంటే మీ రోజువారీ నడక అక్కడికే మార్చుకోవడం మేలు.

ఎక్స్ఎల్ బుల్లీ అనే జాతి గురించి మీరు వార్తల్లో వినే ఉంటారు. బాగా బలిసిన ఛాతీ, పెద్ద తల ఉన్న కుక్క. ఇంగ్లండు, వేల్స్‌లలో 2023 డిసెంబరు 31 నుంచి దానిని బయటికి తెస్తే తాడు ఉండాలి, మూతికి చిక్కం ఉండాలి. 2024 ఫిబ్రవరి 1 నుంచి మినహాయింపు పత్రం లేకుండా పెంచుకోవడమే నేరం. చిక్కం లేకుండా అలాంటి కుక్క కనిపిస్తే వాదనకు దిగకుండా దారి మార్చుకుని, ఇంటికి వచ్చి పోలీసులకు చెప్పించండి. ఇలా జాతి పేరు చూసి భయపడటం మొదలుపెడితే మాత్రం అంతు ఉండదు. నా మట్టుకు నేను జాతి కంటే యజమానినే ఎక్కువగా గమనిస్తాను. ఫోనులో తల దూర్చి నడిచేవాడి కుక్క, చిన్నదైనా సరే, నాకు ఎక్కువ అనుమానం.

ఇప్పుడు అసలు ఘట్టం. దూరం నుంచి ఒక కుక్క మీ వైపు పరిగెత్తుకొస్తోంది. దాని నడక చూడండి. ఒళ్లంతా వదులుగా ఊగుతూ, వంకరటింకరగా వస్తూ, ముందుకాళ్లు నేలకు వాల్చి నడుము పైకెత్తితే ఆటకు పిలుస్తోందన్నమాట. ఒళ్లు బిగించి, తల కదల్చకుండా, చూపు మీ మీదే నిలిపి, తిన్నగా వస్తుంటే జాగ్రత్తపడాలి. తోక ఊపుతోంది కదా అని నమ్మవద్దు. బిరుసుగా పైకి నిలబెట్టి టకటకా కదిపే తోక స్నేహానికి గుర్తు కాదు. పెదవి పైకి లేచి పళ్లు కనబడినా, లోగొంతుతో గుర్రుమన్నా చెప్పనక్కరలేదు. ఏమీ మొరగకుండా వచ్చే కుక్కను తేలికగా తీసుకోవడం మనవాళ్లు తరచుగా చేసే పొరపాటు. మొరిగే కుక్క కరవదన్న సామెతను అటు తిప్పినా ఇటు తిప్పినా నమ్ముకోదగ్గది కాదు.

ఆటకు వచ్చినా, కోపంతో వచ్చినా మీరు చెయ్యవలసింది ఒకటే. ఆగిపోండి. పరిగెత్తితే వెంటాడుతుంది, కీచుమని అరిస్తే ఇంకా రెచ్చిపోతుంది. ఎదురెదురుగా నిలబడకుండా కాస్త పక్కకు తిరగండి. చేతులు గుండెకు దగ్గరగా ముడుచుకోండి. దాని కళ్లలోకి చూడకుండా, అది ఎక్కడుందో తెలిసేలా కాళ్ల వైపు చూడండి. చాలాసార్లు అది వచ్చి, వాసన చూసి, మీలో ఆడుకోవడానికి ఏమీ లేదని నిరాశపడి వెళ్లిపోతుంది. వెళ్లకుండా గుర్రుమంటూ ఉంటే గొడుగో సంచో మీకూ దానికీ మధ్య పెట్టి, వెన్ను చూపకుండా ఒక్కో అడుగు వెనక్కి వెయ్యండి. నిజంగానే కరవడానికి దూకితే ఆ సంచినే నోటికి అందించండి, అందులో కళ్లజోడు ఉన్నా సరే. పడగొడితే మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, ముఖం దాచుకుని, మెడనూ చెవులనూ చేతులతో కప్పుకోండి.

చీర కట్టుకుని బూట్లు వేసుకుని నడిచే మన ఆడవాళ్లకు ఒక మాట. గాలికి రెపరెపలాడే కొంగు కుర్ర కుక్కలకు మహా సరదా. నడకకు వెళ్లేటప్పుడు కొంగు నడుముకు దోపుకోండి, చున్నీ అయితే ముడి వేసుకోండి. జేబులో జంతికలు, బిస్కెట్లు వద్దు. మనవడిని వెంట తీసుకెళ్తుంటే వాడిని పైకెత్తి తిప్పకండి, ఎత్తిన కొద్దీ కుక్క పైకి ఎగురుతుంది. వాడిని మీ వెనక్కి తీసుకుని కదలకుండా నిలబెట్టండి. పిల్లల తోపుడుబండిలో ఉంటే బండి ముందు మీరు నిలబడండి.

ఇంతలో యజమాని ఏం చేస్తున్నాడు? యాభై గజాల దూరం నుంచి చెయ్యి ఊపుతూ, “ఏమీ చెయ్యదు, చాలా మంచిది” అంటుంటాడు. ఇంతవరకు ఎవరినీ కరవలేదని కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేసినంత గట్టిగా చెబుతాడు. అబద్ధమాడుతున్నాడని నేను అనను, వాళ్లింట్లో అది మంచిదే కావచ్చు. కానీ ఇక్కడ మనవాళ్లు మొహమాటానికి నవ్వి, “పర్వాలేదు” అనేస్తారు. అలా అన్నామంటే కుక్కను పిలిచే బాధ్యత నుంచి ఆయనను తప్పించినట్టే. నవ్వకండి. అరచెయ్యి చాచి ఆపమన్నట్టు చూపి, “లీడ్, ప్లీజ్” అని గట్టిగా ఒక్కసారి చెప్పండి. కుక్క మెడకు తగిలించే తాడును వాళ్లు అలాగే అంటారు. భయంగా ఉందని చెప్పడం చిన్నతనం కాదు, అది బాగా పనిచేస్తుంది కూడా. మడి బట్టనో, గుడికి వెళ్తున్నామనో వివరించనక్కరలేదు. ఎక్కువమంది వెంటనే క్షమాపణ చెప్పి కుక్కను దగ్గరికి తీసుకుంటారు. దురుసుగా మాట్లాడేవాడు తగిలితే పెంపకం గురించి ఉపన్యాసం ఇవ్వకుండా అక్కడి నుంచి బయటపడండి.

ఆ భయానికి చట్టంలో విలువ ఉంది. 1991 నాటి ప్రమాదకర కుక్కల చట్టం ప్రకారం ఏ జాతి కుక్క అయినా ప్రమాదకరంగా అదుపు తప్పితే యజమాని శిక్షార్హుడు. కరిచి తీరాలన్న నియమం లేదు. కరుస్తుందేమోనని ఒక మనిషి భయపడటానికి సహేతుకమైన కారణం ఉంటే చాలు. 2014 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో ఇది ఇళ్ల ఆవరణలకూ వర్తిస్తోంది. గాయపరిస్తే అయిదేళ్ల వరకు, ప్రాణం పోతే పద్నాలుగేళ్ల వరకు జైలు పడవచ్చు. స్కాట్లండులో చట్టాల తీరు కొంత వేరు. ప్రతి చిన్న మొరుగుకూ పోలీసులను పిలవమని నేను అనడం లేదు. ఒకే కుక్క ఒకే చోట మళ్లీ మళ్లీ మీదికి వస్తుంటే కౌన్సిల్‌కు ఫిర్యాదు చెయ్యండి. కాటు పడితే, లేదా త్రుటిలో తప్పితే, పోలీసులకు 101కి ఫోను చెయ్యాలి. దాడి జరుగుతూ ఉంటే 999. కుక్కదీ, వీలైతే మనిషిదీ ఫొటో, సమయం, చోటు, చూసినవాళ్ల నంబరు ఉంటే మంచిది. యజమాని పేరు చెప్పకుండా జారుకున్నా కుక్క ఒంట్లో అతని వివరాలు తెలిపే చిప్ ఉంటుంది. ఇంగ్లండులో 2016 నుంచి అది తప్పనిసరి.

వేళ విషయంలోనూ కొంచెం సర్దుకోవాలి. నాలుగున్నరకే లేచే అలవాటు ఉన్నవాళ్లం కదా, తెల్లారగానే పార్కుకు పోదామనిపిస్తుంది. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు కుక్కలను తిప్పే సమయం కూడా సరిగ్గా అదే. డిసెంబరులో లండన్‌లో దాదాపు ఎనిమిదైతే గాని సూర్యుడు రాడు, ఆ చీకట్లో కుక్క పక్కకు వచ్చేదాకా కనబడదు. పిల్లలను బడిలో దింపేసిన తరువాత, పదీ పదకొండు గంటల మధ్య పార్కు ప్రశాంతంగా ఉంటుంది.

పన్ను దిగితే ఇంటికి రాగానే, లేదా దారిలోనే ఎక్కడైనా, పారే నీళ్ల కింద గాయాన్ని చాలాసేపు కడగండి. పసుపు అద్దడం, కాఫీపొడి పెట్టడం వద్దు. అక్కడ కుక్కకాటుతో వచ్చే పెద్ద ముప్పు చీము పట్టడం. చిన్న రంధ్రంలా కనిపించే గాయమే లోపల ముదురుతుంది. షుగరు ఉన్నవాళ్లు గంటలు లెక్కపెడుతూ కూర్చోకుండా 111కి (అక్కడి ప్రభుత్వ వైద్య సలహా నంబరు) ఫోను చెయ్యాలి. ఇంగ్లీషు రాకపోతే అనువాదకుడు కావాలని అడగవచ్చు. ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారో, ఏ మందులు వాడుతున్నారో కాగితం మీద రాసి ఉంచుకోండి. అత్యవసర విభాగంలో చూపించుకుంటే సందర్శకులకు కూడా డబ్బు తీసుకోరు. ఆస్పత్రిలో చేర్చుకుంటే మాత్రం బిల్లు బరువుగానే ఉంటుంది, ప్రయాణ బీమా లేకుండా వెళ్లవద్దని చెప్పేది అందుకే.

ఇంకో సంగతి. కొడుకు, కోడలు కంగారుపడతారని, రేపటి నుంచి బయటికి పోనివ్వరని, గాయం ఉన్న కాలిని చీర కుచ్చిళ్ల కింద దాచుకునేవాళ్లు ఉన్నారు. “ఏమీ లేదమ్మా, కంప గీసుకుంది” అంటారు. ఆ సాయంత్రమే చెప్పండి. ఫిర్యాదు చెయ్యాలన్నా, మందు తేవాలన్నా నడిచేది వాళ్ల చేతుల మీదుగానే.

రేబిస్ గురించి అక్కడి డాక్టరు పెద్దగా పట్టించుకోకపోతే ఆశ్చర్యపోకండి. 1922 తర్వాత ఆ దేశపు కుక్కల్లో ఆ జబ్బు స్థానికంగా లేదు. గబ్బిలం గీరితే తప్ప సాధారణంగా ఆ సూదులు వెయ్యరు. ఆ నిశ్చింతను మాత్రం తిరిగి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోవద్దు. తిరుపతిలో వీధికుక్క పన్ను గీసినా, పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి అదే రోజు రుయాకో, దగ్గరలోని ప్రభుత్వాసుపత్రికో వెళ్లాలి. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, తరువాత 3, 7, 28వ రోజుల్లో టీకా. కండరంలోకి వేస్తే 14వ రోజు కూడా కలుస్తుంది. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే దానితో పాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే మందు) కూడా వెయ్యాలి.

ప్రయాణానికి ముందు వారాల్లోనే ఇక్కడ కరిచి, టీకాలు పూర్తికాకుండా విమానం ఎక్కవలసి వచ్చినా గాబరా వద్దు. మిగిలినవి అక్కడ వేస్తారు, దిగిన రోజే 111కి చెప్పండి. ఏ తేదీన ఏ టీకా వేశారో, ఏ పద్ధతిలో వేశారో ఆస్పత్రిలో స్పష్టంగా రాయించుకుని, ముద్ర వేయించుకుని, ఆ చీటీని పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలోనే ఉంచుకోండి. పెద్ద సూట్‌కేసులో వెయ్యకండి.