ఘంటసాల గొంతు సాగిపోతే

అమెరికా నుంచి బావగారు తెచ్చిన పాత బెల్ట్ టర్న్‌టేబుల్ (మోటార్ బెల్ట్‌తో రికార్డును తిప్పే ప్లేయర్) మైలాపూర్‌లో మా ఇంట్లో పెడితే ఘంటసాల గొంతు జీడిపాకంలా సాగింది. రిచీ స్ట్రీట్‌లో కొన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 110 చేస్తూనే ఉంది. మరి ఇదేంటి?

రికార్డు లేబుల్ మీద కాగితం ముక్క అంటించి, ఫోన్ చూస్తూ నిమిషం లెక్కపెట్టాను. నిమిషానికి 33, పైన మూడో వంతు తిరగాల్సింది, 28 చుట్లు కూడా పూర్తి కాలేదు! ఎవరో చెప్పారని బెల్ట్ మార్చాను, దండగ.

అసలు సంగతి కరెంటు. అక్కడ అది సెకనుకు 60 సార్లు ఊగుతుంది (60 హెర్ట్జ్), ఇక్కడ 50. ఇందులోని సింక్రనస్ మోటార్ వేగం ఆ హెర్ట్జ్‌నిబట్టే. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులనే తగ్గిస్తుంది, హెర్ట్జ్‌ని ముట్టుకోదు.

లేత్ పనాయన మోటార్‌కుండే 10 మిల్లీమీటర్ల పుల్లీ (బెల్ట్‌ను లాగే చక్రం) బదులు 12ది ఇత్తడితో చేసిచ్చాడు, బెల్ట్ జారకుండా నడుమ కాస్త ఉబ్బుగా. మళ్ళీ లెక్క: 33, పైన మూడో వంతు. సూది గాడిలో పడ్డ చిటపట (ఫోన్‌లో అదెక్కడిది!) అయ్యాక పాట మొదలైంది. వంటింట్లోంచి అమ్మ అంది, "ఇప్పుడొచ్చాడు ఘంటసాల."