సెల్లార్ నేల లెవెల్ చేసిన తీరు

విజయనగరంలో మా ఇంటి సెల్లార్ గదికి వినైల్ ఫ్లోరింగ్ వేద్దామనుకుంటే కాంక్రీటు నేల ఒకచోట ఉబ్బు, మూలన పల్లం. మేస్త్రి "సిమెంటు పాలు పోసేద్దాం బాబూ" అన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు, పలచటి సిమెంటు పొర పాత కాంక్రీటును గట్టిగా పట్టదు, పగిలి పెచ్చులూడుతుంది.

ముందు తేమ సంగతి. ప్లాస్టిక్ షీటు ముక్క పరిచి నాలుగు వైపులా టేపు అంటించి 24 గంటలు వదిలేయాలి. కింద నీటి చుక్కలు కనిపిస్తే లెవెలింగ్ ఆపి, తేమ ఎక్కడినుంచి వస్తోందో చూసుకోవాలి, మన వైపు తుఫాను వానల తర్వాత ఇది మరీ ముఖ్యం. మాది పొడిగానే ఉంది.

ఆరడుగుల అల్యూమినియం బద్ద పెట్టి ఎత్తుపల్లాలు సుద్దతో గీశాం. ఉబ్బును గ్రైండర్‌కి డైమండ్ కప్ (కాంక్రీటును అరగదీసే గిన్నెలాంటి చక్రం) బిగించి అరగదీయించాను. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, గుడ్డ కట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు కావాలి. పగుళ్లు పూడ్చి, దుమ్మంతా వ్యాక్యూమ్‌తో లాగేసి, ప్రైమర్ కొట్టి ఆరనిచ్చాక పల్లంలో సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్ పోశాం, అంటే నీళ్లు కలిపి పోస్తే తనంతట తానే పారి సమంగా పరుచుకునే పొడి మిశ్రమం. నీళ్లు మాత్రం బస్తా మీద రాసినంతే, బాగా పారాలని ఎక్కువ పోస్తే పైపొర పొడిపొడిగా రాలుతుంది. త్వరగా బిగుసుకుంటుంది కాబట్టి ఒకరు కలుపుతుంటే ఇంకొకరు పోయాలి, వెంటనే ముళ్ల రోలర్ తిప్పితే బుడగలు పోతాయి.

పూర్తిగా ఆరాకే వినైల్ పరిచాం. నేల ఎత్తు పెరిగిందిగా, తలుపు అడుగు కొంచెం కోయించాల్సి వచ్చింది.